అంకెల వెనుక బిడ్డ

(పుదుచ్చేరి నెల్లితోపునందలి తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రత్యేక విద్యాబోధనము చేయు ఉపాధ్యాయినులు కొందరు నేడు డేటా అనలిటిక్స్ అనబడు గణాంక విశ్లేషణము నేర్చి, ఆ వృత్తిలో ప్రవేశించుచున్నారు. కరుణ గల వృత్తిని వీడి అంకెలలోనికి పోవుట యేమని నొచ్చుకొనువారు కలరు. ఈ మాటను కొంచెము విచారింతము.

ప్రత్యేక విద్యకును కొలతకును చుట్టరికము పాతది. ఫ్రెంచి పాలనను చూచిన ఈ పట్టణమున ఆల్ఫ్రెడ్ బినే పేరు స్మరింపదగినది. చదువున వెనుకబడు పిల్లలను గుర్తించు ఉపాయమునకై 1904లో ఫ్రాన్సు ప్రభుత్వము నియమించిన సంఘములో ఆయన సభ్యుడు. థియొడోర్ సిమోనుతో కలిసి 1905లో ఆయన బుద్ధిమాపనమును ప్రకటించెను. సాయము కావలసిన బిడ్డను కనుగొనుటకే ఆ కొలత. బిడ్డ నుదుట చెరగని అంకె వ్రాయుటకు కాదు. తరువాత పెక్కుమంది ఈ భేదమును మరచిరి.

మన పొరుగున మద్రాసులో రూపొందిన ‘మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్’ అను పద్ధతిలో 18 విభాగములు, 360 అంశములు కలవు. తినుట, బట్టలు ధరించుట, మాటలాడుట, సొమ్ము లెక్కించుట మున్నగువానిలో బిడ్డ దేనిని చేయగలడో, దేనిని ఇంకను చేయలేడో ఉపాధ్యాయిని గుర్తించును. పదిమంది పిల్లలున్నచో 3600 గడులు! దానిని చదివి రేపటి పాఠమును నిర్ణయించుట విశ్లేషణము గాక మరేమి?

ఇద్దరు బిడ్డలు చెరి 180 అంశములు సాధించిరనుకొందము. ఒకనికి తన పనులన్నియు వచ్చును, మాట రాదు. రెండవవాడు చక్కగా మాటలాడును, అన్నము మాత్రము తినిపింపవలెను. మొత్తము ఒక్కటే, చెప్పవలసిన పాఠము వేరు. ఈ ఎరుక గ్రంథపఠనముచే వచ్చునది కాదు, తరగతిలో వచ్చునది.

కార్యాలయోద్యోగులమగు మనకిది అన్యవిషయము కాదు. 1941 నుండి 1971 వరకు జరిగిన నాలుగు జనగణనములలో వైకల్యమును గూర్చిన ప్రశ్నయే లేదు. 2011లో 2.68 కోట్లమందిని 8 రకములుగా లెక్కించిరి. ఆటిజమునకు వేరు గడి లేదు. 2016 నాటి చట్టము 21 రకములను పేర్కొన్నది. ప్రత్యేకావసరములు గల పిల్లలకు ప్రాథమిక తరగతులలో 10 మందికొకరు, పై తరగతులలో 15 మందికొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులు ఉండవలెనని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. పిల్లల లెక్క సరిగా లేనిచో ఉపాధ్యాయుల లెక్క యెట్లు తేలును? పట్టికలో ఒక గడి తగ్గిన, ఎక్కడనో ఒక తరగతికి గురువు తగ్గును.

అయినను, ఆమె విడిచిన తరగతి మాట మరువరాదు. ఇష్టముచే పోవువారు కొందరు. చాలని జీతముతో, స్థిరము లేని కొలువుతో విసిగి పోవువారు మరికొందరు. మొదటివారిని అభినందింతము. రెండవవారు తరగతిలో నిలుచునట్లు చేయుట సమాజము బాధ్యత.

విశ్లేషకురాలైన ఉపాధ్యాయిని ప్రతి పట్టికను చూచి, “ఇందులో ఇమడని బిడ్డ యెవరు?” అని అడుగును. ఆ ప్రశ్నను మన బల్లలపైకి వచ్చు ప్రతి ఫారమును చూచి మనమును అడుగుదము గాక.