కొత్త పనికి ముందే లెక్క రాసుకుందాం
(మండల సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)



వేలిముద్ర వేయించుకుని ఊర్లోనే డబ్బులిచ్చే బ్యాంకు మిత్ర, పొలం మీద డ్రోన్ నడిపే మహిళ. మన చిన్నప్పుడు ఈ పనులకు పేర్లే లేవు. ఇంకా కొత్తవి వస్తాయి. అప్పుడు ఎవరిని పంపాలి? దాని గురించే మాట్లాడతాను.

మొదట మా ఊరి సంగతి. సంఘం పుస్తకాలు చాలా ఏండ్లు ఒక అక్క చేత్తో రాసింది. లెక్కలు ట్యాబ్‌లోకి మారినాక "నాకు చేతకాదులే అమ్మా" అని తప్పుకుంది. మేము ఉండమనలేదు, నేర్పలేదు. నాయకురాలిగా ఆ తప్పు నాది కూడా. కొన్నాళ్ళకు ఒకామె కట్టిన కంతు ఇంకొకరి పేరు మీద ఎక్కింది. పాత పుస్తకం ముందేసుకుని ఆ తప్పు పట్టింది ఆ అక్కే. ఇప్పుడు చిన్నపిల్ల ట్యాబ్‌లో ఎక్కిస్తుంది, అక్క సరిచూస్తుంది. ఇద్దరూ కావాలని అప్పుడు తెలిసింది.

ఇంక డ్రోన్ మాట. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకానికి ఒప్పుకుంది. దేశమంతా కలిపి 15,000 మహిళా సంఘాలకని చెప్పింది. ఖర్చులో 80 శాతం, 8 లక్షలు మించకుండా సాయం, మిగతాది అప్పు. ఎంపికైన సభ్యురాలికి 15 రోజుల శిక్షణ. డ్రోన్ పైలట్‌కు పదో తరగతి పాసై ఉంటే చదువు చాలు. నా మాదిరి వాళ్ళు మనలో చాలామంది ఉండారు.

అయితే ఆశపడే ముందు లెక్క వేయాల. 10 లక్షల డ్రోన్ అయితే 2 లక్షలు మనం తీర్చాల. బ్యాటరీలు, రిపేర్లు, బండి బాడిగ వేరే. మన పక్క మామిడి తోపులు ఎక్కువ. గుబురు చెట్టు లోపలికి మందు పోవడం వరి మడి మీద కొట్టినంత సులువు కాదు. చెరుకు ఎత్తు పెరిగితే మనిషి లోపలికి పోలేడు, ఆడ డ్రోన్ పనికొస్తుంది. కాబట్టి ఏ ఊర్లో వరి ఎంత, చెరుకు ఎంత, ఎకరాకు ఎంతిస్తారు అని రైతుల్ని అడిగినాకే అప్పుకు సంతకం పెట్టాల.

ఇంకొక మాట. డ్రోన్ వస్తే వీపున ట్యాంకు మోసి మందు కొట్టే వాళ్ళకు కూలి తగ్గుతుంది. వాళ్ళూ మన ఇండ్ల వాళ్ళే. ఈ పథకంలో పైలట్‌కు తోడు సహాయకులకూ శిక్షణ ఉండాది. ఆ చోటికి అట్లాంటి ఇంటి మనిషినే ముందు అడుగుదాం.

నేను కోరేది ఒకటే. వచ్చే నెల సమావేశంలో ప్రతి సంఘం ఒక పేజీ తీయండి. ఎవరికి ఏ పని వచ్చు, ఎవరు ఏది నేర్చుకోవాలనుకుంటా ఉండారు, ఎవరి పని పోయేటట్టు ఉంది, ఈ మూడూ రాయండి. వయసు చూసి ఎవరి పేరూ వదలొద్దు. శిక్షణకు పిలుపొచ్చిన రోజు, ముందు కనిపించినామెను కాకుండా, ఆ పేజీ చూసి పంపుదాం.