మీ తాతది ఏ ఊరు?

కైకలూరులో మన పిల్లల సమావేశంలో మాట్లాడిన మాటలు, రాలేకపోయిన వాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మన ఎరుకల పిల్లలు కులధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టుకుంటే విచారణలో ముందు వచ్చే ప్రశ్న, "మీ స్వగ్రామం ఏది?" నాన్నది ఎక్కడ, తాతది ఎక్కడ, 1950లో ఎక్కడున్నారు? 1950 ఎందుకంటే షెడ్యూల్డ్ తెగల మీద రాష్ట్రపతి ఉత్తర్వు ఆ ఏడాది సెప్టెంబరు 6న వచ్చింది. భూమి ఉన్న ఇంటి పిల్లాడైతే పాత అడంగల్ నకలు తీసి బల్ల మీద పెడతాడు. మనకి భూమి లేదు, అందుకని పట్టా లేదు, పట్టా లేదు కాబట్టి ఊరి లెక్కల్లో పేరు లేదు. ఒక ఆఫీసులో నన్ను అడిగారు: "ఊరు లేకుండా మనిషి ఎట్టా ఉంటాడు బాబూ?"

ఉంటాడు. మన వాళ్లందరూ అట్టాగే ఉన్నారు. అయితే ఆ మాట మనం చెబితే చాలదు. మన రాష్ట్రంలో 1993 నాటి కులధ్రువీకరణ చట్టం ప్రకారం రుజువు చేసుకునే భారం అర్జీ పెట్టిన వాడిదే. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం రాకముందు నాటి కాగితాలకు ఎక్కువ విలువ ఇవ్వాలంది. ఆచారాలూ కట్టుబాట్లూ కూడా విచారించమంది. తర్వాత కొందరు అధికారులు ఆ రెండోదాన్నే పట్టుకున్నారు. మీ దేవత ఎవరు, పెళ్లి ఎట్టా చేస్తారు అని అడగడం, కాలేజీలో చదివిన పిల్లాడు తడబడితే నువ్వు ఆదివాసీవి కాదనడం. 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ ఒక్క పరీక్షతోనే తేల్చేయడానికి లేదని చెప్పింది. మంచిదే. దాంతో కాగితం బరువు ఇంకా పెరిగింది. అంటే మీ తాత కాగితం మీరే వెతకాలి.

వెతకడానికి బయల్దేరే ముందు మన వాళ్లు బతికిన తీరు తెలియాలి. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, కరివేపాకు ఎరుకల అంటారే, ఇవన్నీ పని పేర్లు. ఉప్పు ఎరుకల వాళ్లు సముద్రం ఒడ్డున ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, బదులు ధాన్యం తెచ్చుకునేవాళ్లు. మా నాయనమ్మ తన అత్త చెప్పిన దారిని ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెడుతుంది: బందరు, పెడన, బంటుమిల్లి, కైకలూరు, అక్కణ్ణుంచి కొల్లేటి ఒడ్డు పట్టుకుని ఏలూరు. నీళ్లు ఎక్కువుంటే చుట్టూ తిరిగి వెళ్లడం, నీళ్లు తీస్తే అడ్డంగా దాటడం. ఏటా అదే దారి, అవే చింతచెట్లు, అవే రైతు ఇళ్లు. దాన్ని తిరుగుబోతుతనం అన్నవాళ్లకి వ్యాపారం అంటే ఏంటో తెలియదనుకోవాలి.

1805 నుంచి మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్త కింద పెట్టుకుంది. తర్వాత రైళ్లు వచ్చాయి, 1899కి బెజవాడ నుంచి మద్రాసుకి లైను పడింది. ఉప్పు గూడ్సు పెట్టెల్లో పోతుంటే గాడిద మీద మూట ఎవరికి కావాలి? పని పోయింది, దారి మాత్రం మిగిలింది. పని లేకుండా దారిలో కనిపించే వాణ్ణి ప్రభుత్వం ఏమందో మీకు తెలుసు.

1871లో ఉత్తర భారతంలో పెట్టిన నేరస్త తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. మనిషి ఏ నేరమూ చేయక్కర్లేదు. అతని జాతిని గెజిట్‌లో వేస్తే చాలు. ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగడానికి లేదని చట్టంలోనే రాసుకున్నారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఇచ్చారు. మన వాళ్లని బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో, కృష్ణ ఒడ్డున సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ మీద వచ్చింది. మన ఊరికి మనల్ని బంధించిన పెద్దమనిషి పేరు, ఎంత మర్యాదో చూడండి.

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం తీసేశారు, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. పోలీసులు రాసుకున్న 'కేడీ' అనే మాట మాత్రం ఊళ్లలో తిట్టుగా ఉండిపోయింది.

ఇక్కడే మన ఇళ్లలో తలుపులు మూసుకుంటాయి. ముసలివాళ్లని సెటిల్‌మెంట్ గురించి అడగండి, "అవన్నీ మనకెందుకురా" అంటారు. వాళ్లది సిగ్గు కాదు, భయం. ఆ పేరు బయటికొస్తే మనవడికి ఉద్యోగం పోతుందేమోనని. ఆ భయానికి కారణం ఉంది, వాళ్లని తప్పు పట్టొద్దు. అయితే ఒకటి ఆలోచించండి. పట్టాదారు రిజిస్టర్లో లేని మీ ముత్తాత పేరు, ఆయన జాతి పేరుతో సహా 1950కి ముందు ఎవరైనా రాసి ఉంటే ఎక్కువగా ఈ హాజరు పుస్తకాల్లోనే రాసుంటారు. మనల్ని కట్టేయడానికి రాసిన పుస్తకం ఇవాళ మన జాతికి సాక్ష్యం అవుతుంది. నాకైతే దాన్ని వాడుకోవడంలో ఏ మొహమాటమూ లేదు.

వెతికేటప్పుడు 'ఎరుకల' అనే ఒక్క మాటతో ఆగిపోవద్దు. పాత కాగితాల్లో మనం కొరవ, కొరచ, కొరమ, ఎరుకుల అని రకరకాలుగా ఉంటాం. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చేసిన ఏడు సంపుటాల్లో కూడా మన సంగతి మూడో సంపుటంలో కొరవ అనే పేరు కింద ఉంది. మన ముక్కులు కొలిచిన మనిషి ఆయన. ఆయన అభిప్రాయాలు పక్కన పెట్టి, సాతుపాడి, కావడి, మేనపాడి, మేంద్రగుత్తి అని రాసుకున్న శాఖల పేర్లు చూడండి. మీది ఏ శాఖో ఇంట్లో అడగండి. పెళ్లిళ్లు ఎవరెవరి మధ్య జరిగాయో దాన్నిబట్టి దొరుకుతుంది.

జిల్లా పేర్లు ఇంకో తికమక. కైకలూరు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఏలూరు టౌను అయితే 1904 దాకా గోదావరి జిల్లాలో, ఆ తర్వాత కృష్ణాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో, ఇప్పుడు సొంత పేరు మీద. ఒకే గుడిసెలో పుట్టిన నాలుగు తరాలకి నాలుగు జిల్లాలు రాసి ఉండొచ్చు. అవి నాలుగు కుటుంబాలని విచారణాధికారి అనుకోకుండా మీరే ముందు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. 1985కి ముందు మండలం అన్న మాటే లేదు, తాలూకా పేరుతో అడగాలి. 1953కి ముందువి మద్రాసు ప్రభుత్వ కాగితాలు, వాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అంత దూరం పోయే ముందు దగ్గర్లోవి చూడండి. తాత చదివిన బడి అడ్మిషన్ రిజిస్టరు, చర్చిలో బాప్తిస్మాల పుస్తకం, 1952 నాటి మొదటి ఎన్నికల నుంచి ఓటర్ల జాబితాలు. బడి రిజిస్టర్లో పుట్టిన తేదీ నమ్మొద్దు, సగం మందికి పంతులుగారే జూన్‌లోనో జూలైలోనో పుట్టించేసి ఉంటారు.

అసలు పుస్తకం మాత్రం ఇంట్లో కూర్చుని ఉంది, ఆమెకి ఎనభై దాటాయి. ఈ ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి చుట్టాలు వస్తారు కదా, అప్పుడు అడగండి. "నువ్వు ఏ సంవత్సరం పుట్టావు" అంటే ఆమె చెప్పలేదు. దివిసీమ ఉప్పెనకి నీ కడుపులో ఎవరున్నారు అనండి, 1977 నవంబరు తేలిపోతుంది. 86 గోదారి వరదకి ఎక్కడున్నారు, రామారావు రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు కార్డు ఎవరి పేరున వచ్చింది, 90 తుపానుకి ఇల్లు ఏమైంది, అనండి. ఎవర్ని ఎక్కడ పూడ్చారో అడగండి. గుడిసెలు మారతాయి గానీ సమాధులు మారవు. వెదురు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు, తట్టలూ చేటలూ ఏ సంతలో అమ్మేవాళ్లు అని అడిగితే ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి. చేపల చెరువుల మీద ప్లాస్టిక్ ట్రేలు వచ్చి మన తట్టల్ని మింగేశాయి గానీ, తట్టలు కొన్న ఇళ్లలో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు కూడా మనకి సాక్షులే.

ఆమె మన భాషలో మొదలుపెడితే తెలుగులో చెప్పమని ఆపొద్దు. తమిళానికి దగ్గరగా ఉండే ఆ మాటే మనం ఎటునుంచి వచ్చామో చెప్పే ఇంకో కాగితం. ఫోన్లో రికార్డు చేయండి, ముందు అడిగి చేయండి. స్టేటస్‌లో పెట్టొద్దు. సెటిల్‌మెంట్ సంగతులు ఆమె నమ్మి చెప్పినవి, ఎవరికి వినిపించాలో ఆమె ఇష్టం.

పేర్ల దగ్గర జాగ్రత్త. మనలో తాత పేరు మనవడికి వస్తుంది, అందుకని ఒక్క ఇంట్లోనే ముగ్గురు పోలయ్యలు ఉంటారు. ప్రతి పేరు పక్కన భార్య పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు రాయండి. మగవాళ్ల వరస ఒక్కటే రాస్తే ఏ పోలయ్య ఎవరో మీకే తెలియదు. మన దారుల మీద ఊరూ ఊరూ కలిపింది ఆడపిల్లల పెళ్లిళ్లే.

మా ఇంట్లో ఇప్పటికి అయిదు తరాలు రాశాను. మా ముత్తాత దగ్గర లెక్క కుదరలేదు. నాయనమ్మ ఆయన బంటుమిల్లి వైపు పుట్టాడంటుంది, వాళ్ల ఆడపడుచు సీతానగరం సెటిల్‌మెంట్లో పుట్టాడంటుంది. ఇద్దరి మాటా తేదీ వేసి నోట్‌బుక్‌లో పక్కపక్కనే ఉంచాను. వచ్చే నెల బంటుమిల్లి వైపు వెళ్తున్నాను. అటు మన వాళ్ల పాత సమాధుల దొడ్డి ఎక్కడుందో మీ ఇళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కలిసే వెళ్దాం.