గేటు లోపల ఆగాల్సిన విషం మన వాగులోకెట్లా వచ్చింది?

(కెమికల్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల గ్రామాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కాలుష్యం అనే మాట మనకు కొత్తది కాదు. ఈ దేశంలో అందరికంటే ముందు ఆ మాటను మన మీదే ప్రయోగించారు. మైల అన్నారు, అంటు అన్నారు. మనం తాకితే నీళ్లు చెడిపోతాయన్నారు. ఆ నీళ్ల కోసమే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవుదార్ చెరువులో దోసిలి పట్టాడు. 1985 జులైలో కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు దగ్గర పశువుల మురికి కలపొద్దన్నందుకు గొడవ మొదలైంది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మా నీళ్లలో మీ మురికి కలపొద్దు అనడమే అక్కడ మనం చేసిన నేరం. ఇవాళ కెమికల్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి మనం అంటున్నదీ అదే మాట.

అప్పుడు మనకొచ్చే జవాబు ఒకటే. "ఫ్యాక్టరీ అన్నాక కంపు రాదా? మందులు కావాలంటారు, కొలువులు కావాలంటారు, మురికి మాత్రం వద్దంటారా?" ఈ జవాబు అబద్ధమని చెప్పడానికే ఇవాళ మాట్లాడుతున్నాం. విషాన్ని గేటు లోపలే ఆపే విద్య తయారీదారుల దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఆ విద్య తెలియక మన వాగు చెడలేదు. దానికయ్యే ఖర్చు మన నెత్తిన వేశారు కాబట్టి చెడింది.

ఒక సంగతి ముందే తేల్చుకుందాం. మనం పరిశ్రమలకు వ్యతిరేకులం కాదు. ఊళ్లో దొర పొలంలో వెట్టి చేసే బతుకు నుంచి బయటపడటానికి మన పిల్లలకు పరిశ్రమలు కావాలి. బాబాసాహెబ్ పరిశ్రమలు కావాలన్నవాడే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తూ పని గంటలు తగ్గించడానికి పాటుపడ్డవాడూ ఆయనే. కొలువూ కావాలి, కార్మికుడి ప్రాణమూ నిలవాలి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకో అనేవాడి మాట మనం వినకూడదు.

ఆపే విద్య ఏంటి?

మందుల ఫ్యాక్టరీనే తీసుకుందాం. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక లెక్క ముందు పెట్టాడు. కిలో సరుకు తయారైతే ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుందీ అని. పెట్రోలు శుద్ధిలో కిలోకు 100 గ్రాములు కూడా మిగలదు. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మిగులుతుంది. ఇందులో పెద్ద వాటా సాల్వెంట్లది. సాల్వెంటంటే వంటింట్లో నూనె లాంటిదనుకోండి. గారెలు వేగాక మూకుట్లో నూనె మిగులుతుంది. దాన్ని వంపి దాచుకునే ఇల్లాలు ఉంటుంది, పారబోసే ఇల్లూ ఉంటుంది.

ఈ వ్యర్థాన్ని తగ్గించడానికి ఐదు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, తయారుచేసే పద్ధతినే మార్చడం. అమెరికాలో ఫైజర్ కంపెనీ సెర్ట్రలిన్ అనే మందును మూడు దశల్లో రకరకాల సాల్వెంట్లతో చేసేది. ఆ మూడు దశల్నీ ఒకటి చేసి ఇథనాల్‌తోనే నడిపింది. దిగుబడి రెట్టింపయింది, సాల్వెంట్ల అవసరం పదో వంతుకు పడిపోయింది. 2002లో అక్కడి ప్రభుత్వం దీనికి బహుమతి కూడా ఇచ్చింది. పుట్టని వ్యర్థాన్ని శుద్ధి చేసే పని లేదు, పారబోసే పనీ లేదు. కంపెనీకి నష్టం కూడా లేదు.

రెండో మెట్టు, విషాన్ని గుట్టలుగా నిల్వ పెట్టకపోవడం. భోపాల్లో యూనియన్ కార్బైడ్ మిథైల్ ఐసోసయనేట్‌ను టన్నులకు టన్నులు ట్యాంకుల్లో నింపి పెట్టింది. 1984 డిసెంబరు 2 రాత్రి ట్యాంకులోకి నీళ్లు చేరాయి. చల్లబరిచే యంత్రం అప్పటికి నెలల క్రితమే ఆపేశారు. గ్యాసును కాల్చేసే గొట్టం మరమ్మతు కోసం ఊడదీసి ఉంది. గ్యాసును కడిగే స్క్రబ్బర్ కూడా ఆదుకోలేదు. ఊరు ఊరంతా నిద్దట్లోనే విషం పీల్చింది. భోపాల్ తర్వాత డూపాంట్ కంపెనీ అదే రసాయనాన్ని కావలసినంతే తయారుచేసి వెంటనే వాడేసే పద్ధతికి మారింది. నిల్వే లేకపోతే లీకయ్యేదేముంది?

మూడో మెట్టు, మూసిన గొట్టాల్లో పని నడపడం. డ్రమ్ము మూత తీసి బకెట్‌తో రియాక్టర్లో పోస్తే సాల్వెంట్ సగం గాలిలో కలుస్తుంది, సగం పోసేవాడి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పంపుతో ఎక్కించి, పైకి లేచే ఆవిరిని చల్లని కండెన్సర్లో పట్టి, మళ్లీ ద్రవం చేసి వాడుకోవచ్చు. మన తాతలు సారా బట్టీలో చేసిన పనే ఇది. మనకు తెలిసిన విద్య ఇంజనీర్లకు తెలియదా?

నాలుగో మెట్టు, వ్యర్థాల్ని కలపకుండా విడదీయడం. ఉప్పు, సాల్వెంటు ఎక్కువున్న చిక్కటి నీళ్లు వేరు, కడుగు నీళ్లు వేరు. చిక్కటి నీళ్లను కాచి ఆవిరి చేయాలి, మిగిలిన ఉప్పును కింద పొరలు పరిచిన గోతుల్లో పూడ్చాలి. పలచటి నీళ్లను సూక్ష్మజీవులతో శుద్ధి చేసి మళ్లీ ఫ్యాక్టరీలోనే వాడుకోవాలి. రెండూ కలిపితే పరీక్షలో లెక్క పలచబడుతుంది గానీ విషం ఒక్క చుక్క తగ్గదు. పాలలో నీళ్లు కలిపితే పాలు ఎక్కువవుతాయా?

ఐదో మెట్టు, కాపలా. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తానే గట్టిపడటం మొదలుపెడుతుంది, గట్టిపడేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అందుకే దాన్ని ఆపే రసాయనం కలుపుతుండాలి, ట్యాంకు పైనా కిందా వేడి కొలుస్తుండాలి. అక్కడ కొలిచింది అడుగున ఒక్కచోటే అని ప్రభుత్వ కమిటీ తేల్చింది. సైరన్ ఉంది, మోగలేదు. ఒక కొలత పరికరం, ఒక మీట నొక్కే చెయ్యి. వాటి ఖరీదెంత? ఆ 12 ప్రాణాల ఖరీదెంత?

పటాన్‌చెరు చెప్పే పాఠం

ఈ మెట్లన్నీ వదిలేస్తే ఏమవుతుందో పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి వాళ్లను అడగండి. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ పెట్టారు. నక్కవాగు రంగు మారింది, మంజీరలోకి ఆ నీళ్లే పారాయి. చెరువుల్లో చేపలు చచ్చాయి, బోర్లలో నురగ వచ్చింది. డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటివాళ్లు జనంతో కలిసి ఏళ్ల తరబడి కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. తర్వాత ఫ్యాక్టరీలన్నింటికీ కలిపి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఇక బాధ తీరిందన్నారు.

తీరిందా? 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయ్యాక కూడా లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు వాగు పాలవుతున్నట్టు లెక్క తేలింది. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత మందు అది. షాపులో కొనలేని మన మనిషికి వాగులో ఉచితంగా పోశారన్నమాట.

ఎందుకిట్లా అయింది? శుద్ధి కేంద్రంలో పనిచేసేవి సూక్ష్మజీవులు. అవి మురికిని తిని నీళ్లను బాగుచేస్తాయి. సూక్ష్మజీవుల్ని చంపడానికి తయారైన మందును వాటి మీదికే వదిలితే అవేం శుద్ధి చేస్తాయి? చావగా మిగిలినవి ఆ మందుకు లొంగకుండా ముదురుతాయి. రేపు మన బిడ్డకు జ్వరమొస్తే, గోళీ వేసినా తగ్గకపోతే, ఆ మొండితనం ఎక్కడ పెరిగిందో మనం ఆలోచించాలి. ఆ మందును అది పుట్టిన ఫ్యాక్టరీలోనే పట్టి నాశనం చేయాల్సింది. ఊరి చివర కట్టిన కేంద్రం ఆ పనికి బదులు కాదు.

పరిహారం ఎవరికి?

ఇంకో సంగతి మనమే మాట్లాడాలి, మనకోసం వేరేవాళ్లు మాట్లాడరు. పంట పోయిందని కోర్టు పరిహారం ఇమ్మంటే అది ఎకరాల లెక్కన వస్తుంది. పట్టా ఉన్నవాడికి వస్తుంది. మరి ఆ పొలంలో నాట్లేసే కూలీ సంగతి? పంట లేకపోతే ఆమెకు ఏడాదంతా పని లేదు, ఆ లెక్క ఏ కాగితం మీదా లేదు. చెరువులో చేపలు పట్టే బెస్తవాళ్ల లెక్కేదీ? వాగులో బట్టలుతికే చాకలి చేతుల పుండ్ల లెక్కేదీ? బర్రె చస్తే, చచ్చిన బర్రెకు పట్టా ఉంటుందా? పరిహారం లెక్క కూలి దినాల నుంచి మొదలవ్వాలని మనం పట్టుబట్టాలి.

గేటు లోపల కూడా కులం ఉంది. కంప్యూటర్ గదిలో ఎవరున్నారు, ట్యాంకులో దిగి మడ్డి తోడేది ఎవరు? కాంట్రాక్టరు తెచ్చిన కూలీ. వాడిది మన వాడ కాకపోతే బీహారో ఒడిశానో. పేరు హాజరు పట్టీలో ఉంటుందో లేదో కూడా తెలియదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అందులో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవాళ్లే. కొందరి శరీరాలు కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. సన్నటి పొడి గాలిలో లేచి నిప్పు తగిలితే బాంబే. పొడి పేరుకోకుండా ఊడ్చడం, వేడిని అదుపులో పెట్టడం, పేలుడు బయటికి పోయే దారి ఉంచడం, ఇవన్నీ ప్రపంచమంతా తెలిసిన జాగ్రత్తలే.

మనం ఏం అడగాలి?

ఊరికే "కాలుష్యం ఆపండి" అంటే అధికారి తలూపి పంపేస్తాడు. పేరు పెట్టి అడగాలి.

ఒకటి. ఫ్యాక్టరీ నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం ఇస్తుంది. ఏ సరుకు ఎంత చేయాలి, ఎన్ని నీళ్లు వదలాలి అన్నీ అందులో ఉంటాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితం తీసుకుందాం. పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు దరఖాస్తు ఫీజు కూడా లేదు. అందులో రాసింది, వాగులో కనిపించేది పక్కపక్కన పెట్టి చూద్దాం.

రెండు. లోపల ఏ రసాయనాలున్నాయి, లీకైతే ఎటు పరుగెత్తాలి అని చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలని భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. 2020 వృత్తి భద్రతా కోడ్ కూడా ఆ బాధ్యతను తీసెయ్యలేదు. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీ విషయంలో, ఊరి కోసం అత్యవసర ప్రణాళిక ఉండాలి, ఏడాదికొకసారి రిహార్సల్ జరగాలి. మన వాడలో ఎప్పుడైనా జరిగిందా? కలెక్టర్నే అడుగుదాం.

మూడు. ప్రజాభిప్రాయ సేకరణ. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి బల్క్ డ్రగ్ ప్రాజెక్టులకు అది లేకుండానే అనుమతులిచ్చే దారి తెరిచారు. మనల్ని అడగడం మానేస్తే మనం చెప్పడం మానాలా? గ్రామసభ పెట్టి తీర్మానం చేసి పంపుదాం. సేకరణ జరిగే చోట మాత్రం పైన చెప్పిన ఐదు మెట్ల మీద ఐదు ప్రశ్నలు రాసుకుని వెళ్దాం. జవాబులు మినిట్స్‌లో రాయించుకునేదాకా మైకు వదలొద్దు.

నాలుగు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ తిరగేయండి. దళితులు, ఆదివాసులు మామూలుగా వాడుకునే నీటి వనరును పనికిరాకుండా చెడగొట్టడం ఆ చట్టం కింద నేరం. ఆ అక్షరాల వెనక కారంచేడు నెత్తురుంది. రాత్రిపూట ట్యాంకరు తెచ్చి మన వాడ వాగులో వదిలినప్పుడు మనం మండలికి ఒక్క పిటిషన్ పెట్టి ఊరుకుంటున్నాం. ఇకమీద పోలీసు స్టేషన్‌కు కూడా వెళ్దాం. ఎస్సై తీసుకోనంటే ఎస్పీకి రాద్దాం. ట్యాంకరు నంబరు, తేదీ, టైము, సీసాలో నీళ్లు, సంతకాలు చేసే సాక్షులు, ఇవన్నీ ముందు సిద్ధం చేసుకుందాం.

కూలిపనికి పోయే తమ్ముళ్లకు ఒక మాట. ట్యాంకులో దిగమంటే ముందు గాలి పరీక్ష చేయించమనండి. పైన మనిషి, నడుముకు తాడు, మొహానికి గాలి మాస్కు లేకుండా దిగొద్దు. ఒక్కడు దిగనంటే పనిలోంచి తీసేస్తారు. పదిమంది దిగమంటే మాస్కు తెప్పిస్తారు. సంఘం ఉండేది అందుకే.

మనల్ని అంటరానివాళ్లన్నవాళ్ల ఫ్యాక్టరీల నుంచే ఇవాళ అంటుకోకూడని నీళ్లు మన గడపలోకొస్తున్నాయి. వాళ్ల మైల వాళ్లే కడుక్కోవాలి. కడిగే విద్య వాళ్లకుంది, డబ్బూ ఉంది. వచ్చే పక్షానికల్లా ప్రతి ఊరి నుంచీ ఒక అనుమతి పత్రం కాపీ, ఒక సీసా నీళ్లు, ఒక ప్రశ్నల కాగితం రావాలి. పని అక్కడ్నుంచి మొదలుపెడదాం.

జై భీమ్.