ఇస్సాకు అడిగిన కూర

ఈ ఉదయం ఆదికాండము 25, 27 అధ్యాయములనుండి కొన్ని మాటలు మీతో చెప్పాలని ఆశపడుచున్నాను. బైబిలు అందుబాటులో ఉంటే తెరచి ఉంచుకోండి.

ఏశావును గూర్చి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఒక్కపూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడు. యాకోబును గూర్చీ విన్నాం, తండ్రిని మోసగించినవాడు. ఇస్సాకును మాత్రం వదిలేస్తాం. ముసలివాడు, చూపు ఆనదు, పాపం అంటాం. అయితే 25వ అధ్యాయము 28వ వచనం చూడండి. ఇస్సాకు పెద్దకొడుకును ఎందుకు ప్రేమించాడు? అతడు తెచ్చే వేటమాంసం తనకు ఇష్టం గనుక! విల్లు పట్టుకుని అడవికి పోయినవాడు ఏశావే. పంపినది ఇస్సాకు నాలుక. చివరికి ఆశీర్వాదం ఇవ్వడానికి కూడా, ముందు ఆ కూర తెచ్చి పెట్టు అన్నాడు. యాకోబు తెచ్చినది మేకపిల్లల మాంసం. అదే వేటమాంసమనుకొని తిన్నాడు. మేకకూ వేటకూ తేడా తెలియని నాలుక కోసమా ఇంత జరిగింది అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

దేవుని బిడ్డలారా, ఈ మాట ఇప్పుడెందుకంటే చెబుతాను. పోయిన వేసవిలో ఒక ఆదివారం ఉప్పల్‌లో మా ఆరాధన ముగిసింది. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక తమ్ముడు నల్ల కవరు ఒకటి నా చేతిలో పెట్టబోయాడు. అతని పేరు చెప్పను. "అయ్యగారూ, అమ్మగారికివ్వండి. దుప్పి మాంసం. మొన్న ఫ్రెండ్సుతో అడవికి పోయినం" అన్నాడు ఎంతో ప్రేమగా. పక్కనున్న పెద్దాయన ఒకరు నవ్వి, "మమ్మల్ని మరచినవేమిరా" అన్నారు. నా చెయ్యి అప్పటికే ముందుకు చాచి ఉంది.

నాకు ఆ వేట తెలుసు. ఈ సంగతి మా సంఘంలో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2003వ సంవత్సరం, మే నెల ఆఖరు. సెమినరీ చదువు ముగిసింది, ఇంకా సంఘం అప్పగించలేదు. నాచారం స్నేహితులు నలుగురు జీపులో నల్లమల వైపు బయలుదేరితే, ఊరికే చూడటానికని నేనూ ఎక్కాను. వేటకు ఎండాకాలం చివరి రోజులే మంచివని వాళ్లు దారిలో చెప్పారు. వాగులు ఎండిపోతాయి, ఆకు రాలి అడవిలో చూపు దూరం పోతుంది, నీళ్లు మిగిలిన ఒకటి రెండు కుంటల దగ్గరికి జంతువులు రాక తప్పదు. తొలకరి పడిందంటే ఎక్కడబడితే అక్కడ నీళ్లే, ఇక దొరకవట. మన వాసన వాటికి అందకుండా గాలికి ఎదురుగా కూర్చోవాలట. అలాగే కూర్చున్నాం.

దాహంగొన్న దుప్పితో మొదలయ్యే 42వ కీర్తన మీద సెమినరీలో వ్యాసం వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని నేను. ఆ దుప్పి నీళ్లకు వచ్చే చోటనే, నాటు తుపాకి పట్టుకున్నవాని పక్కన కూర్చున్నాను. ఆ రాత్రి నాకు ఆ కీర్తన జ్ఞాపకం రాలేదు సుమా! ఇప్పటికీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

చీకటి పడ్డాక వచ్చింది. ఆడ దుప్పి, వెనుక చిన్న పిల్ల. నీళ్ల అంచున ఆగి చాలాసేపు చెవులు నిక్కించి వింది. తల వంచగానే లైటు వేశారు. కళ్లలో వెలుగు పడితే అది కదలలేదు, నిలబడిపోతుంది. తుపాకి పేలింది. దుప్పి పడలేదు, దెబ్బతో పొదల్లోకి పరుగెత్తింది. టార్చి పట్టుకుని రక్తపు మరకల వెంట కొంతదూరం వెదికాం, తరువాత మరకలు కూడా కనబడలేదు. తిరిగి వచ్చేసరికి పిల్ల అక్కడే ఉంది. ఒకడు దానివైపు తుపాకి తిప్పాడు. ఇంకొకడు వద్దురా అని గొట్టం పక్కకు నెట్టాడు. ఆ ఇంకొకడు నేను కాదు. నేను నోరు తెరవలేదు.

యిర్మీయా 14వ అధ్యాయములో, గడ్డి లేని కరువులో లేడి తన పిల్లను విడిచి పోతుందని ప్రవక్త దుఃఖంతో చెబుతాడు. అక్కడ విడదీసినది కరువు. ఇక్కడ మేము.

తెల్లవారి ఆ ఊరిలో మాకు అన్నం పెట్టిన ఇంటివాళ్లు వేరే వేటలో దొరికిన మాంసం వండారు. తిన్నాను. రుచిగానే ఉంది.

బైబిలులో దుప్పిని తినవచ్చని ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో దుప్పి, జింక రెండూ ఉన్నాయి. అయితే లేవీయకాండము 17:13 కూడా చదవండి. వేటాడినవాడు ఆ రక్తం నేలమీద పోసి మట్టితో కప్పాలి. అంటే తుపాకి పేల్చి జీపెక్కి పోవడం కుదరదు. తీసిన ప్రాణం దగ్గర మోకాళ్లమీదికి వంగాలి. మేము ఏ రక్తం కప్పాం?

పైగా మన దేశంలో చట్టమున్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, లైసెన్సు తీసుకుని వేటాడే వీలు కూడా 1991 సవరణతో పోయింది. కృష్ణజింకను చంపితే 3 నుండి 7 ఏళ్ల జైలు. నాగోలు, ఎల్.బి. నగర్ మీదుగా వనస్థలిపురం పోతే మహావీర్ హరిణ వనస్థలి ఉంది చూడండి, అది ఒకప్పుడు నిజాము వేటాడిన నేల. 1975లో జింకల పార్కు అయింది, 1994లో జాతీయ ఉద్యానవనం అయింది. రాజు వేటాడిన చోటనే ఇప్పుడు కృష్ణజింకలు మేస్తున్నాయి. ఇంకొక మాట. తార్నాకనుండి ఉప్పల్ వచ్చేటప్పుడు హబ్సిగూడలో సీసీఎంబీ కనబడుతుంది కదా, ఆ సంస్థ శాస్త్రవేత్తలు మాంసపు ముక్కలోని డి.ఎన్.ఎ. చూసి అది ఏ జంతువుదో చెప్పగలరు. ఇస్సాకు చెప్పలేకపోయాడు!

సరే, ఆ కవరు సంగతి. తిరిగి ఇచ్చేశాను. ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చిన పద్ధతి తప్పు. అందరి ముందు గద్దించాను. చట్టం చెప్పాను, రోమా 13 చెప్పాను, నా కుంట సంగతి చెప్పలేదు. పెద్దాయనను ఒక్క మాట అనలేదు. ఆ తమ్ముడు కవరు తీసుకుని తల వంచుకుని బైకు ఎక్కాడు. ఆనాటినుండి ఆరాధనకు రావడం లేదు. వాళ్లమ్మ మాత్రం వస్తుంది, వెనుక వరుసలో కూర్చుని ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోతుంది.

ఈ ప్రసంగం రికార్డు చేయడం అయిన వెంటనే నేను నాచారం వెళ్తున్నాను. రేడియోలో వినకముందే అతడు ఇది నా నోట వినాలి. మీరు వినే వేళకు, ఈ పేజీ చదివే వేళకు అది జరిగిపోయి ఉంటుంది. అయినా ఆ ఇంటి తలుపు తెరవబడునట్లు ప్రార్థించండి.