కోతల కాలం, కంటి జాగ్రత్త
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ గురించి ఇప్పటిదాకా విన్నాం. నేను కంటి గురించి రెండు మాటలు చెప్తాను.

కోత మిషన్లు వచ్చినా గడ్డి ఎత్తేది, వడ్లు తూర్పారబట్టేది మనమే. వరి ఆకు కంట్లో గీసుకుంటే మామూలే అనుకుంటాం. కానీ మట్టిలో, ఆకుల మీద కంటికి కనపడని బూజు ఉంటుంది. దాన్నే ఫంగస్ అంటారు. నల్లగుడ్డు మీద చిన్న గీత పడినా చాలు, అందులోంచి దూరి పుండు చేస్తుంది. కొన్ని రోజులకు కన్ను ఎర్రబడి, నీళ్ళు కారి, వెలుతురు చూడలేం. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తుంది. అశ్రద్ధ చేస్తే పువ్వు పడి చూపు పోతుంది.

అప్పుడు మనం ఏం చేస్తున్నాం? చనుబాలు పిండుతున్నాం, ఆకు పసరు పోస్తున్నాం. లేదంటే మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకుంటున్నాం. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల బూజు మాత్రం పెరిగిపోతుంది. మామూలు యాంటీబయాటిక్ చుక్కలకి బూజు చావదు.

కంటి డాక్టరు పుండు మీద కొంచెం గీకి మైక్రోస్కోపులో చూస్తారు. బూజు అని తేలితే ఎక్కువగా నాటామైసిన్ 5 శాతం చుక్కలు రాస్తారు. ఇది పాత మందే. అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద దీన్నీ, వోరికొనజోల్ అనే కొత్త మందునీ పోల్చి చూశారు. 2013లో ఫలితం వచ్చింది. నాటామైసిన్ వాడినవాళ్ళకే చూపు మెరుగ్గా ఉంది.

అయితే ఈ మందు లోతుకి అంతగా దిగదు. అందుకే పుండు పైపైన ఉండగానే పోవాలి. సీసా బాగా ఊపి వేసుకోవాలి. మొదట్లో గంటకో, రెండు గంటలకో చుక్క, అలా వారాల తరబడి. పుండు మీద తెల్లగా మందు అంటుకుంటే భయపడొద్దు. నొప్పి తగ్గిందని మనంతట మనం ఆపొద్దు.

అక్కా, కూలి పోతుందని, చేతిలో డబ్బు లేదని ఆగేది మనమే. కాబట్టి నా విన్నపం ఒక్కటే. కంటికి దెబ్బ తగిలిన సభ్యురాలికి మీటింగు రోజు దాకా ఆగకుండా అదే రోజు సంఘం నుంచి అప్పు ఇద్దాం. తోడు ఒకరు వెళదాం. అప్పు వాయిదాల్లో తీరుతుంది, పోయిన చూపు రాదు. తీర్మానం రాసుకుందాం.