ఈల పట్టిన చేతికి బాధ్యత లేదా?

(పేట యువజన సంఘం కబడ్డీ పోటీల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



కప్పు ఎవరికొచ్చిందో అందరికీ తెలిసిపోయింది. ఇక దాని జోలికి పోం. ఆటలో దెబ్బ తిన్న పిల్ల సంగతి మాట్లాడదామనే మేం ఈ మైకు పట్టుకున్నాం.

మన చుట్టుపక్కలే ఒక హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల కబడ్డీ ప్రాక్టీసులో తల నేలకు కొట్టుకునేట్టు పడింది. రెండుసార్లు కక్కుకుంది. "ఏం కాదు, దిగు" అని డ్రిల్లు మాస్టరు మళ్లీ బరిలోకి దింపాడు. రాత్రికి తెలివి తప్పింది. ప్రాణం దక్కింది గాని మూడు నెలలు బడి పోయింది. కూలికెళ్లే తండ్రి వచ్చి అడిగితే ఏమన్నారు? "నీ కూతురే ఆడతానంది. నువ్వే సంతకం పెట్టావు" అన్నారు. ఆ కాగితంలో ఏం రాసుందో ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు.

ఈ రెండు మాటలతో బాధ్యత తీరిపోదు. కబడ్డీ ఆడే పిల్లకు కాలు పట్టి లాగుతారనీ కింద పడతాననీ తెలుసు. ఆమె ఒప్పుకున్నది అంతవరకే. కక్కుకున్నాక కూడా నన్ను ఆడించండని ఆమె ఒప్పుకోలేదు, ఆ తండ్రీ ఒప్పుకోలేదు. పిల్ల తన చేతికింద ఉన్నంతసేపూ జాగ్రత్తగా చూసుకోవడం కోచ్ విధి. పిల్ల చిన్నదైనకొద్దీ ఆ విధి పెద్దదవుతుంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. దెబ్బలు తగిలితే 125వ సెక్షన్. 2024 జూలైకి ముందు జరిగినవాటికి పాత ఐపీసీయే వర్తిస్తుంది. ఇవి క్రిమినల్ కేసులు. తెల్లకాగితం మీద వేలిముద్ర వీటిని ఆపలేదు.

ఇంకో సంగతి. గొడవయితే ఆ డ్రిల్లు మాస్టర్ని సస్పెండ్ చేసి పైవాళ్లు చేతులు దులుపుకుంటారు. అతను చాలాసార్లు మన వాడలోంచి పోయినవాడే, కాంట్రాక్టు మీద బతికేవాడే. అతని తప్పును మేం వెనకేసుకు రావడం లేదు. కాని ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఇవ్వని వాళ్లెవరు? వ్యాయామం తెలియని పంతులు మెడలో ఈల వేసిన వాళ్లెవరు? 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక ప్రైవేటు బడి పిల్లల్ని పిక్నిక్‌కు తీసుకుపోతే బియాస్ నదిలో 14 మంది మునిగి చనిపోయారు. టీచర్ల నిర్లక్ష్యానికి బడి యాజమాన్యమే డబ్బు కట్టాలని, ఒక్కో పిల్లకు 5 లక్షల చొప్పున ఇవ్వాలని 2001లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ పిల్లలు పై మధ్యతరగతి వాళ్లన్న సంగతిని కూడా ఆ తీర్పు ప్రస్తావించింది. మన హాస్టల్ పిల్ల ప్రాణానికి ఏ లెక్క కడతారో మనం అడగాలా వద్దా?

జాగ్రత్త అంటే బ్రహ్మవిద్య కాదు. నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత పిల్లవాడు ఆనంద్ కుమార్, సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వాళ్లను ఒక్కసారిగా మంచుకొండ మీదికి తోలలేదు. ముందు భువనగిరి గుట్ట, ఆ తర్వాత డార్జిలింగు, లడఖ్. మెట్టు మెట్టుగా తయారుచేశాకే ఎక్కించారు. ఎవరెస్టుకే అంత చేయగలిగినప్పుడు హాస్టలు గ్రౌండులో ఒక కుండ నీళ్లు పెట్టడం చేతకాదా? పరిగెత్తేటప్పుడు నీళ్లు తాగకూడదని ఇప్పటికీ చెప్పే మాస్టర్లున్నారు. అది తప్పు. ఎండలో పిల్ల ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, నీళ్లు గుమ్మరించి విసరాలి. 108కి ఫోన్ చెయ్యండి గాని బండి వచ్చేదాకా ఒళ్లు చల్లార్చకుండా ఉండొద్దు. తలకు దెబ్బ తగిలి కక్కుకున్నా, మత్తుగా ఉన్నా, ఆట అక్కడితో ఆపి ఆస్పత్రికే.

దెబ్బ అంటే ఒంటికి తగిలేదే కాదు. 2021 ఒలింపిక్స్‌లో మన ఆడపిల్లల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడితే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటిముందు టపాకాయలు కాల్చి కులం పేరు పెట్టి తిట్టారు. గ్రౌండులో నలుగురి ముందు మన పిల్లను కులం పేరుతో తిట్టే అగ్రకుల కోచ్ మీద అట్రాసిటీ చట్టం పెట్టొచ్చు. అక్కలారా, మీరు ఇది వినండి. పిల్ల మీద చెయ్యి వేసినవాడు బడి ఉద్యోగి అయితే పోక్సో చట్టంలో శిక్ష ఇంకా ఎక్కువ. తెలిసి కూడా పోలీసులకు చెప్పని హెడ్మాస్టరూ శిక్షార్హుడే. పరువు పోతుందని మీరు నోరు మూసుకుంటే పోయేది పిల్ల బతుకు. 2023లో పతకాలు తెచ్చిన మల్లయోధులే జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చిందంటే, అడిగేవాళ్లు లేని మన పిల్లల గతేమిటి?

అందుకని ఒక దరఖాస్తు రాసి తెచ్చాం. గ్రౌండులో నీళ్లు, నీడ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలి. దెబ్బ తగిలితే ఆ పూటే తల్లిదండ్రులకు కబురు రావాలి, అది రిజిస్టర్లో ఎక్కాలి. ఆడపిల్లలు పోటీలకు వెళితే వెంట ఒక టీచరమ్మ ఉండాలి. చదివించుకుని సంతకాలు పెట్టండి. సోమవారం పది గంటలకు అందరం కలిసి హాస్టల్‌కు పోయి ఇద్దాం. ముట్టినట్టు వార్డెన్ చేత రశీదు రాయించుకున్నాకే తిరిగి వద్దాం.

జై భీమ్!