పెరట్లో చిన్న గది



మన గుంటూరు, ఒంగోలు ఇళ్ళలో పెరడంటే సగం వంటిల్లే. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండేది అక్కడే, వడియాలు పెట్టేది అక్కడే. పిల్లలు ఎదిగి ఇల్లు ఇరుకయ్యేసరికి మన కన్ను ఆ పెరటి మీదనే పడుతుంది. ఆ మూల ఒక్క గది వేసుకుంటేనా! కుట్టుమిషను పెట్టుకోవచ్చు, పిల్లవాడు చదువుకోవచ్చు, మామగారు పగలు కాస్త నడుం వాల్చవచ్చు.

మా ఆడపడుచు అలాగే వేసింది, గాజులు కుదువపెట్టి మరీ. ప్రక్కవారి ప్రహరీనే నాలుగో గోడ చేసుకుని పైన రేకులు వేయించింది. “రేకుల గదికి ప్లానేమిటమ్మా, స్లాబయితే గదా!” అన్నాడు మేస్త్రి. ఆరు నెలలు మిషను హాయిగా తిరిగింది. ఆ తర్వాత ప్రక్కవారు అర్జీ పెట్టారు, నోటీసు వచ్చింది, గది తీసేశారు. గాజులు ఇంకా విడిపించుకోలేదు.

మేస్త్రి మంచివాడే, కాని అతను చెప్పింది తప్పు. చట్టంలో బిల్డింగు అన్న మాటలోకి షెడ్డు కూడా వస్తుంది. రేకులా, స్లాబా అన్నది కాదు ప్రశ్న. ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీలో కడుతున్నామా, లేదా అన్నదే ముఖ్యం. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నియమాల ప్రకారం 200 నుంచి 300 చదరపు మీటర్ల స్థలంలో, ఏడు మీటర్ల ఎత్తులోపు ఇంటికి వీధివైపు వదిలేది గాక, మిగతా ప్రక్కల కనీసం ఒక మీటరు వదలాలి. స్థలం పెద్దదయితే, ఇల్లు ఎత్తయితే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత సవరణలు కూడా వచ్చాయి గనుక మీ స్థలానికి ఎంతో లైసెన్సు ఉన్న ఇంజనీరుచేతనే లెక్క వేయించుకోండి.

ఒక్క మీటరు కోసం ఇంత పట్టుదలా అనిపిస్తుంది. మనది నల్లరేగడి నేల కదండీ! వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. గోడవారగా పునాది తవ్వితే ప్రక్కవారి గోడ పగలవచ్చు. వారి కిటికీకి 20 ఏళ్ళుగా అడ్డు లేకుండా గాలీ వెలుతురూ వస్తున్నాయనుకోండి, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం క్రింద వారికి ఆ హక్కు ఏర్పడి ఉండవచ్చు కూడా.

“ఇంటిపన్ను కడుతున్నాం గదా” అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేదాన్ని. పన్ను రసీదు అనుమతి పత్రం కాదు. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా ఎక్కువే వేస్తారు. రాష్ట్రంలో 2007 చివర, 2015లో, 2019లో అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే పథకాలు వచ్చిన మాట నిజమే. వాటిని నమ్ముకుని కట్టడం మాత్రం లాటరీ టిక్కెట్టును నమ్ముకుని పెళ్ళి ముహూర్తం పెట్టుకోవడమే. ఏళ్ళు గడిచినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పని మొదలుపెట్టకముందే ఇంటి దస్తావేజు, పాత ప్లాను వెదికి తీయండి. బీరువా అడుగున ఎక్కడ ఉన్నాయో మనకే గదా తెలిసేది! పట్నంలో ఉన్నవారు మునిసిపాలిటీ టౌన్ ప్లానింగు విభాగాన్ని, పల్లెలో ఉన్నవారు పంచాయతీని అడగాలి. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. ఇల్లు మీ పేరున ఉంటే సంతకం మీదే, చదవకుండా పెట్టకండి.

ఇదివరకే కట్టేసి, నోటీసు అందుకున్నారా? కంగారుపడి చింపేయకండి. ముందుగా నోటీసు ఇచ్చి, జవాబుకు 15 రోజులు గడువివ్వకుండా పడగొట్టరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు వంటి ప్రభుత్వ స్థలాల్లోని ఆక్రమణలకు మాత్రం ఇది వర్తించదు. నోటీసు అందిన తేదీ వ్రాసుకుని, గడువులోపల వ్రాతపూర్వకంగా జవాబు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక ఇంజనీరు కొలతకు వచ్చిన రోజున వంటింట్లో ఉండిపోకండి. టేపు రెండో కొస మీరే పట్టుకోండి. మిరపకాయలు ఆరబోసే చోటు ఎంత మిగులుతుందో అప్పుడే తేలిపోతుంది.